తలవంచిన పండు

గండశిలా దుర్గం ద్వారం దగ్గర రెండు రాతి కుక్కలున్నాయి. జాముకోసారి అవి ఆవలిస్తాయి. ఆ ఆవలింత ముగిసేలోగా లోపలికి దూరినవాడు బతుకుతాడు. దూరలేనివాడు ద్వారబంధం మీద మరో బొమ్మ అవుతాడు. పుష్కరుడు దూరాడు. భుజాన ఉన్న తట్ట మాత్రం కుక్క పళ్ల మధ్య చిక్కి పొడిపొడి అయిపోయింది.

ఎవరీ పుష్కరుడు, ఇక్కడికెందుకు వచ్చాడు అని అడిగేవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోదాం.

శ్వేతగిరిని ఏలే విజయకేతు మహారాజుకు ఒక్కతే కూతురు, మృణాళిని. ఉల్కాముఖుడనే మాంత్రికుడు ఆమెను పెళ్లాడతానని కబురు పంపాడు. రాజు కాదన్నాడు. నెల తిరక్కుండా నగలమ్మే మనిషి వేషంలో ఎవరో వచ్చి ఆమె పాదానికి కడియం తొడిగి పోయారు. కడియం తగిలిన చోటు నుంచి ఒళ్లు రాయి కావడం మొదలైంది. రోజుకు వేలి మందం చొప్పున పైకి పాకుతోంది. అది కనురెప్పలకు చేరిందంటే ఇక ఏ మందూ పనిచేయదు. చేరేలోగా పనిచేసేది ఒక్కటే, మంచుపండు. మనం ఈ కాలంలో స్ట్రాబెర్రీ అని పిలుచుకుంటూ కేకుల మీద అలంకరించుకుంటున్నామే, అదే. అయితే ఏ మంచుపండైనా సరిపోదు. రాతి మంత్రం వేసేవాడికి కూడా ఆ రాయి అంటుకుంటుంది కనక, ఉల్కాముఖుడు రోజుకొక పండు తిని తన ప్రాణం కాపాడుకుంటున్నాడు. అతని తోట మడిలో పండిన పండే కావాలని వైద్యులు తేల్చారు.

ముగ్గురు రాజకుమారులు కత్తులు దూసుకుని బయలుదేరారు. ముగ్గురూ ఇప్పుడు ద్వారబంధం మీద బొమ్మలై ఉన్నారు. కిరీటాలతో సహా చాలా బాగా వచ్చారు. నాలుగోవాడిగా వచ్చినవాడే పుష్కరుడు, అంతఃపురంలో తోటమాలి. ఇరవై రెండేళ్లవాడు. కత్తి పట్టడం రాదు. మెట్ట సీమలో తల్లీ తండ్రీ పోతే పదేళ్ల వయసులో శ్వేతగిరికి వచ్చాడు. మృణాళినిని పెంచిన దాది కొండవ్వ అతనికి స్వయానా అమ్మమ్మ. ఒకే గిన్నెలో అన్నం కలిపి ఇద్దరికీ తినిపించింది. "మంచుపండు ఎలా ఉంటుందో రాజకుమారులకేం తెలుసు, తోటమాలికి తెలుసు గానీ" అని మహారాజు ముందు పుష్కరుడే నోరు తెరిచి అన్నాడు. ఆ మాట అన్నందుకు తర్వాత ఎంత ఏడ్చాడో మీరే చూస్తారు.

ద్వారం లోపల అతను మూగ కూలివాడు. ఒంటికి బూడిద, తలకు చింపిరి గుడ్డ.

దుర్గం లోపలి తోట చూస్తే, చెడ్డవాడికి ఇంత చక్కటి తోట ఎందుకిచ్చావని దేవుడితో తగవు పెట్టుకోవాలనిపిస్తుంది. నల్లని కొండ కడుపును గిన్నెలా తొలిచి, దాని అంచు చుట్టూ చంద్రకాంత శిలలు పరిచారు. శిలల నుంచి చల్లటి నీరు చెమటలా ఊరి, సన్నటి కాలువలై మడుల్లోకి దిగుతోంది. కాలువ గట్ల మీద నీలిరంగు నాచు. దాని మధ్య పచ్చటి మూడాకుల మొక్కలు నేలంతా తీగలు సాచి అల్లుకున్నాయి. ఆకుల నడుమ కెంపులు చల్లినట్టు ఎర్రెర్రటి పళ్లు.

ఉల్కాముఖుడు రాతి మంచె మీద కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి. ఎడమ చెవి అప్పటికే రాయి.

"ఏమిరా, గడ్డి పీకడం వచ్చునా?"

పుష్కరుడు తలూపాడు.

"చేయి చూపు." మాంత్రికుడు కుడి బొటనవేలు పట్టుకుని ముందుకు లాగాడు. ఆ వేలి గోరు అరంగుళం పొడుగుంది, కొడవలిలా అరగదీసి ఉంది. "ఇదేమిటి?"

పుష్కరుడు ఆ గోటితో తన వీపు గోక్కుని, హాయిగా ఉన్నట్టు కళ్లు మూసుకున్నాడు. మాంత్రికుడు నవ్వి చేయి వదిలేశాడు.

ఆ గోరు గురించి చెప్పకపోతే కథ నడవదు. పన్నెండేళ్ల కిందట శ్వేతగిరి మహారాణి పోయినప్పుడు ఊరు ఊరంతా తెల్లపూలు తెచ్చి పాడె మీద పోసింది. పూల కింద ఆమె ముఖం కూడా కనిపించలేదు. ఆ తర్వాత మహారాజు తెల్లపువ్వును చూడలేకపోయాడు. రాజ్యంలో ఎక్కడా తెల్లపువ్వు సూర్యుణ్ణి చూడకూడదని ఆజ్ఞ వేశాడు. మంచుకొండ కనబడుతుందని ఉత్తరపు కిటికీలు మూయించాడు. శ్వేతగిరి అన్న పేరు మాత్రం ఎలా మిగిలిందంటే, అది మార్చమని చెప్పే ధైర్యం ఏ మంత్రికీ లేక మిగిలింది. అప్పటి నుంచి ప్రతి తోటమాలీ కుడి బొటనవేలి గోరు పెంచుతాడు. తెల్లవారకముందే తోటంతా తిరిగి, విచ్చిన తెల్లపువ్వునల్లా గోటితో తుంచి మొలసంచిలో వేసి, పాడుబావిలో పోస్తాడు. తెల్లపువ్వు రాజు కంట పడేలా తెచ్చినవాడికి చేయి తెగుతుంది. గోరు తీయించుకోవడం అంటే పని వదిలేయడం. తోటమాలి చచ్చాక కొడుకు తీస్తాడు ఆ గోరు.

పుష్కరుడు మడిలో దిగాడు. ఒక చేత్తో గడ్డి పీకుతూ పళ్లన్నిటినీ కంటితో ఏరుకున్నాడు. మడిలో రెండు రకాలున్నాయి. ఒక రకం మొక్కలు పసుపు పూలు పూసి, గుండ్రటి పళ్లను కాడ మీద నిటారుగా ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాయి. ఒంటినిండా చుక్కలు తేలి, మెరుస్తూ, నన్ను కోసుకో అన్నట్టున్నాయి. రాజోద్యానంలో అతను పన్నెండేళ్లుగా మంచుపండు అనుకుంటున్నది సరిగ్గా అదే. రెండో రకం మొక్కల పళ్లు తల కిందికి వేలాడేసి, ఆకుల చాటున, కొన్ని మట్టిని తాకుతూ ఉన్నాయి. 'పాపం, తెగులు పట్టినవి' అనుకున్నాడు పుష్కరుడు. ఆ తెగులు మొక్కల మీద అక్కడక్కడ తెల్లపూలు విచ్చి ఉన్నాయి.

చేతికి అలవాటైన పని మనసును అడగదు. గడ్డి పీకుతూనే అతని బొటనవేలు ఒక్కొక్క తెల్లపువ్వునూ తుంచుతూ పోయింది. ఒకటి, ఇంకొకటి, మొలసంచిలోకి. పరాయి రాజ్యమనీ ఇక్కడ ఆ ఆజ్ఞ లేదనీ గుర్తే రాలేదు. మడి చివరికి వచ్చేసరికి ఒక్క తెల్లపువ్వూ లేదు. పని శుభ్రంగా అయిందని లోపల్లోపల కొంచెం తృప్తి కూడా కలిగింది.

మధ్యాహ్నం ఉల్కాముఖుడు మంచె దిగివచ్చాడు. ఒక ఆకు పైకెత్తి, కింద వేలాడుతున్న పండు కోసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, కళ్లు మూసుకుని నెమ్మదిగా తిన్నాడు. ఇంకొన్ని పళ్లు అడుగున మిగిలే ఉన్నాయి.

'వీడికి చూపు కూడా రాయవుతున్నట్టుంది, తెగులు కాయ తింటున్నాడు' అనుకుని పుష్కరుడు ఇవతలి వైపు నిటారుగా నిలబడ్డ పళ్లలో మంచివి మూడు చూసి టక్కున తుంచి నోట్లో దాచుకుని పరిగెత్తాడు.

కాలువలోని నాచు లేచి కాళ్లకు చుట్టుకుంది. గోటితో కోసుకుంటూ పోయాడు. మంచె కూలి దారికడ్డం పడింది. దాని కిందనుంచి దూరాడు. ద్వారం దగ్గర కుక్కలు ఆవలించే వేళ కాలేదు. ఎగబాకి కుక్క తల మీద కాలు వేసి, రాజకుమారుల కిరీటాలు పట్టుకుని గోడెక్కి, అవతలి లోయలోకి దూకేశాడు. అతను ఎక్కి వచ్చిన కొయ్య గద్ద అక్కడ చెట్టు కొమ్మల్లో దాచి ఉంది. మర తిప్పగానే అది రెక్కలు విప్పింది. వెనక నుంచి రాతి బాణాలు వడగళ్లలా వచ్చి తోకలో సగం ఊడగొట్టాయి. మిగతా సగంతో, ఊగుతూ తూలుతూ గద్ద శ్వేతగిరి దారి పట్టింది.

మర్నాడు పొద్దెక్కేసరికి అతను మృణాళిని మంచం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు.

ఆమె నడుము వరకు రాయి అయింది. రాయి మీద పట్టు చీర కుచ్చిళ్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. తలాపున మహారాజు, కాళ్ల దగ్గర కొండవ్వ. రాణి పోయిన ఏడే చూపు పోయిన కొండవ్వ ఆ రాతి పాదాలను ఒళ్లో పెట్టుకుని, వెచ్చబడతాయేమోనని రుద్దుతూనే ఉంది.

మృణాళిని ఒక పండు తిన్నది. అందరూ చూస్తున్నారు. రెండోది తిన్నది. మహారాజు కూతురి మోకాలి మీద వేలితో తట్టాడు. గోడ మీద తట్టినట్టే చప్పుడైంది.

"నీళ్లు తిన్నట్టుంది పుష్కరా" అన్నది ఆమె మెల్లగా. "తీపీ లేదు, పులుపూ లేదు. నువ్వేం బాధపడకు. చాలా దూరం పోయి వచ్చావు."

"మంచుపండు చప్పగానే ఉంటుంది కదమ్మా" అన్నాడు పుష్కరుడు. "మన తోటలోదీ అంతే. పిట్టలు కూడా సరిగా తినవు."

కొండవ్వ చేయి ఆగింది. "ఏమన్నావురా?"

"చప్పగానే ఉంటుందన్నానవ్వా."

"మూడోది ఇట్లా తే."

పండును అరచేతిలో వేసుకుని వేళ్లతో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చిదిమి మళ్లీ వాసన చూసింది.

"ఈ గింజలు ఇసక రేణువుల్లా పైకి తేలి ఉన్నాయేమి? దీని పువ్వు ఏ రంగు?"

"పసుపు."

"కాడ మీద ఎట్లా ఉంది, నిటారుగానా?"

"నిటారుగా, ఆకాశం చూస్తూ."

కొండవ్వ చిదిమిన పండును పక్కన పెట్టేసింది. "ఇది ఉత్త నీళ్లకాయరా, నాయనా. తిన్నా చావరు, బతకరు. మంచుపండు పువ్వు తెల్లన. అయిదు రేకులు, మధ్యన పసుపు బొట్టు. పండిన కొద్దీ బరువుకి తల వంచేస్తది. గింజలు ఒంట్లోకి దిగబడి ఉంటాయి. కోసి ఇంట్లోకి తెస్తుంటేనే వసారాలోకి వాసన వస్తది. అది తెలియని తోటమాలి ఉంటాడా అని నేను నిన్ను అడగలేదు. నా కళ్లుంటే మన తోటలో దీన్ని ఒక్కదాన్ని బతకనిచ్చేదాన్ని కాదు. తెల్లపువ్వు తుంచేస్తే పండు ఎక్కడిది? పన్నెండేళ్లు తుంచి తుంచి ఆ జాతి పోయుంటది. ఆ చోట్లోకి ఇది పాకింది."

పుష్కరుడికి మాంత్రికుడు కళ్లు మూసుకుని తిన్న పండు గుర్తొచ్చింది. తల వంచుకున్న పండు. తర్వాత తన చేయి గుర్తొచ్చింది.

అతను మొలసంచి విప్పాడు. రాజు ఎదుట తెల్లపువ్వు చూపితే చేయి తెగుతుందని తెలుసు. తెగితే బాగుండుననే అతనికి అనిపించింది. సంచిని నేల మీద బోర్లించాడు. వాడిపోయిన తెల్లపూలు, అయిదేసి రేకులు, మధ్యన పసుపు బొట్టు. మంచం కింద వరకు దొర్లాయి.

"మహాప్రభూ, అక్కడ మంచుపళ్లు ఉన్నాయి. నా పక్కనే ఉన్నాయి. తెగులనుకుని వదిలేశాను. పూసిన పూలన్నీ ఈ గోటితో నేనే తుంచాను. ఎవరూ తుంచమనలేదు. రాజకుమారిని నేనే చంపుకున్నాను."

భటుడు కత్తి మీద చేయి వేశాడు. మహారాజు వద్దన్నట్టు చేయెత్తి, కష్టంగా కిందికి వంగి ఒక పువ్వు తీసుకున్నాడు. పన్నెండేళ్ల తర్వాత తెల్లపువ్వును చూస్తున్నాడు. అది అతని అరచేతిలో గోరంత ఉంది.

"మీ అమ్మ కొప్పులో ఇవే పెట్టుకునేది" అన్నాడు కూతురితో. "మల్లెలు ఒద్దనేది, తలనొప్పి అనేది. ఈ చిన్నపూలే కోసి తెమ్మనేది, అవ్వ తిట్టేది పళ్లు రాకుండా పోతాయని." ఆయన పుష్కరుడి చేయి చూపించాడు. "ఈ పిల్లవాడి గోరు నేను పెంచిన గోరు. నీకు చెప్పుకోవాల్సింది నేనమ్మా. మీ అమ్మను తలచుకునే ధైర్యం లేక నీకు మందు లేకుండా చేశాను."

మృణాళిని తండ్రి చేతిలోని పువ్వు వైపు చూసింది. "నాన్నగారూ, ఆ కిటికీ తెరిపించండి" అన్నది. "కళ్లు ఉండగానే ఒకసారి కొండ చూస్తాను."

మహారాజు ఎవరినీ పిలవలేదు. తనే లేచి, పన్నెండేళ్ల మేకులు పీకి, ఉత్తరపు కిటికీ తెరిచాడు. మంచుకొండ ఎండలో వెలుగుతోంది. గదిలో అందరి ముఖాల మీదా తెల్లటి వెలుగు పడింది. ఆమె ఏడుస్తూ చూసింది.

కొండవ్వ ఆమె నడుము దగ్గర వేళ్లు పెట్టి, నాలుగేసి వేళ్ల చొప్పున కనురెప్పల వరకు కొలిచింది. "ముప్ఫై వేళ్లు. అంటే ముప్ఫై రోజులు. పువ్వు విచ్చిన నాటి నుంచి పండు కావడానికి ఇరవై ఎనిమిది పడతది. పండినవి ఉంటే సరే. లేకుంటే ఒక్క పువ్వైనా మిగిలి ఉండాలిరా, నీ చేయి పడకుండా."

కొయ్య గద్ద సగం తోకతో మళ్లీ లేచింది.

ఈసారి పుష్కరుడు నీళ్లు మోసే కుంటివాడు. గుండు కొట్టించుకున్నాడు, భుజాన కావడి. కుక్కలు ఆవలించాయి, కావడితో సహా లోపలికి పడ్డాడు. పడి, లేచి, చూసి అలాగే ఉండిపోయాడు.

మడి లేదు. మొక్కల్ని మట్టితో సహా పెళ్లగించి ఎత్తుకుపోయారు. కొండ గోడలో ఉన్న గుహకు బండరాయి అడ్డం పెట్టి ఉంది. అది ఉల్కాముఖుడి చేతికి తప్ప తెరుచుకోదని కాలువలు పూడుస్తున్న కూలీలు గుసగుసలాడుకుంటున్నారు. పండినవి, పచ్చివి, అన్నీ లోపలే. పూలు తుంచిన దొంగ కోసం దొర అందరి చేతులూ చూస్తున్నాడట.

పుష్కరుడు కావడి దించి గోడకు ఆనుకున్నాడు. ఏడుపు వచ్చింది. కళ్లు తుడుచుకుందామని తల తిప్పితే, భుజం ఎత్తున, చంద్రకాంత శిల పగులులో, మడిలోంచి ఎప్పుడో తప్పించుకుపోయిన తీగ ఒకటి వేరూని ఉంది. మూడాకులు. వాటి మధ్య ఆ ఉదయమే విచ్చిన తెల్లపువ్వు. అయిదు రేకులు, మధ్యన పసుపు బొట్టు.

అతని కుడి చేయి పైకి లేచింది. బొటనవేలు కాడకు తగిలింది. గోరు సగం దిగబోయింది.

పుష్కరుడు ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు. కాడ మీద గోటి గాటు సన్నగా పడింది. అయినా పువ్వు నిలబడే ఉంది.

"వరసగా నిలబడండి. చేతులు చాపండి." ఉల్కాముఖుడి గొంతు. కూలీలంతా గోడ వారన నిలబడ్డారు. మిగిలిన పళ్లు పొదుపు చేస్తున్నాడేమో, మాంత్రికుడి దవడలో సగం రాయి అయింది, మాట నలిగి వస్తోంది. ఒక్కొక్కరి కుడి బొటనవేలు పట్టి చూస్తున్నాడు. పుష్కరుడికి ఇంకా నలుగురి అవతల ఉన్నాడు.

పుష్కరుడు పువ్వుకు అడ్డంగా నిలబడి, చేయి నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. చచ్చాక కొడుకు తీయాల్సిన గోరు. పళ్ల మధ్య పెట్టి మొదలంటా కొరికాడు. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. గోరు నోట్లోనే ఉంది, మింగేశాడు.

ముగ్గురు. ఇద్దరు. ఒక్కడు.

"ఈ రక్తం ఏమిటిరా?"

"కావడి కింద నలిగింది, దొరా."

మాంత్రికుడు ఆ వేలిని ఎండలోకి ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "గుహ ముందు కాలువకు తోటపని తెలిసినవాడు కావాలి. నీకు వచ్చునా?"

పుష్కరుడి మెడ వెనక ఏదో మెత్తగా తగులుతోంది. గాలి వచ్చినప్పుడల్లా ఆ అయిదు రేకులు ఒంటికి ఆనుతున్నాయి. కొంచెం కదిలితే రాలిపోతాయి. అది పండు కావడానికి ఇంకా ఇరవై ఎనిమిది రోజులు.

"తోటపని నాకు రాదు, దొరా" అన్నాడు. వేషం కోసం చెప్పిన మాటే అయినా, అన్నాక అది నిజమేనని అతనికి తోచింది. "నీళ్లు మోయడమే వచ్చు. ఈ గోడ దగ్గర నన్ను ఉంచండి చాలు."